పరాయి ఊళ్లో మొదటి కిరాయి

హైదరాబాద్ పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే బార్కస్‌లో పొద్దుటిపూట నాష్తా అంటే హరీస్. గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించే ఆ వంటకం కోసం లుంగీల్లో వచ్చి, గిన్నెల్లో పోయించుకుని పోయే జనం కనిపిస్తారు. వాళ్లలో చాలామంది ముత్తాతలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువులో సిపాయిలుగా చేరడానికి వచ్చినవాళ్లు. ఆ సిపాయిల బ్యారక్‌లు ఉన్న చోటే ఇవాళ్టి బస్తీ. పక్క మొహల్లా సలాలాకు ఒమన్‌లోని ఊరి పేరే పెట్టుకున్నారు. ఇన్ని తరాల్లో ఇంటి మాట హైదరాబాదీ ఉర్దూ అయిపోయింది, నాష్తా మాత్రం మారలేదు. వాళ్లని ఇప్పుడెవరూ విదేశీయులు అనరు. అన్న కాలం ఒకటుంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత నగరంలోని అరబ్బుల్ని ప్రభుత్వం పరదేశీయుల కింద లెక్కగట్టి నిర్బంధించింది, కొందరిని దేశం దాటించింది. పక్కింటివాడు పరాయివాడు కావడానికి ఒక్క కాగితం చాలింది.

చదువుకో కొలువుకో వీసా చేతికొచ్చి, సూట్‌కేసు తూకం చూసుకుంటున్న షాలిబండ, గౌలిపురా, లాల్ దర్వాజా పిల్లల కోసం ఈ అధ్యాయం. పరాయి దేశంలో ఇల్లెలా వెతకాలని ఫోన్లో వీడియోలు చూసేముందు మీ ఊళ్లోనే ఒకసారి చుట్టూ చూడండి. ఇది పరదేశీయులు కిరాయికుండే ఊరు. ఉస్మానియా యూనివర్సిటీలోనూ ఇతర కాలేజీల్లోనూ చదవడానికి యెమెన్, సూడాన్, సోమాలియా, ఇరాక్‌ల నుంచి విద్యార్థులు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. టోలిచౌకి, పారామౌంట్ కాలనీ వైపు ఎక్కువమంది ఉంటారు, బార్కస్ వైపు కొందరు. వైద్యానికొచ్చి రెండు మూడు నెలలు ఫ్లాటు తీసుకునే కుటుంబాలు వేరే. రేపు మీరు షికాగోలోనో మ్యూనిక్‌లోనో ఏ గడప ముందు నిలబడతారో, ఇవాళ వాళ్లు ఇక్కడ అలాంటి గడప ముందే నిలబడ్డారు. మీరింకా గడప లోపల, ఓనర్ పక్కన ఉన్నారు. ఆ చోటు మళ్లీ దొరకదు. అక్కడి నుంచి చూసి నేర్చుకోవాల్సింది నేర్చుకునే బయల్దేరండి.

ఓనర్ మనసులో లెక్క

ఒక సూడాన్ కుర్రాడు మీ ఇంటి పై పోర్షన్ అడిగాడనుకోండి. మీ నాన్న మొదట "ఎంతమంది ఉంటరు?" అంటాడు. తర్వాత "ఎన్ని రోజులుంటవ్?" అంటాడు. మూడో ప్రశ్న పైకి అడగడు: రేపు పోలీసులొస్తే? కిరాయి టైముకి వస్తుందా, ఖాళీ చెయ్యమంటే చేస్తాడా, నా మెడకేమైనా చుట్టుకుంటుందా అన్నవే ఆ మూడు ప్రశ్నల వెనకున్న భయాలు. రంగు మీద, మతం మీద, తిండి మీద ఉండే అయిష్టం కూడా చాలాసార్లు ఈ భయాల మాటునే బయటికొస్తుంది. లేదని బుకాయించక్కర్లేదు. కానీ ఎదుటివాడి అయిష్టాన్ని మీరు మార్చలేరు, భయాన్ని తీర్చగలరు. అయిష్టమున్న ఓనర్‌తో వాదించి ఇల్లు సంపాదించినా అందులో సుఖంగా ఉండలేరు, ఆ గుమ్మం వదిలేసి ముందుకి నడవండి. భయం మాత్రమే ఉన్న ఓనర్ ముందు కాగితాలు పరచండి.

మీ నాన్న మూడో భయం ఉత్తదేం కాదు. మన దేశంలో విదేశీయుడికి చోటిచ్చినవాళ్లు, హోటలైనా మామూలు ఇల్లైనా, 24 గంటల్లో ఆ వివరాలు విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో తెలపాలి. వాడుకలో దాన్ని సి ఫారం అంటారు. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఇంటివాడి మీద ఈ బాధ్యత మాత్రం అలాగే ఉంది. 180 రోజులకు మించిన వీసాతో వచ్చిన విద్యార్థి తనంతట తాను కూడా 14 రోజుల్లో నమోదు చేసుకోవాలి. 2018 నుంచి ఆ పని ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ పోర్టల్లో జరుగుతోంది. నమోదుకి చిరునామా రుజువు కావాలి, రుజువుకి అగ్రిమెంటు కావాలి, అగ్రిమెంటుకి ఓనర్ ఒప్పుకోవాలి. ఆ ఓనర్‌కేమో సి ఫారం పేరే తెలియదు. తెలియని పనిలో వేలు పెట్టడం కంటే "బ్యాచిలర్లకియ్యం" అని చెప్పి తలుపేసుకోవడం తేలిక.

మరి ఇల్లు తొందరగా దొరికేదెవరికి? పాస్‌పోర్టు, వీసా, కాలేజీ బోనఫైడ్ కాపీలు ఒక ఫోల్డర్లో పెట్టుకొచ్చి, "అంకుల్, సి ఫారం నేను పక్కన కూర్చుని చేయిస్తా, దాని కాపీ మీ దగ్గరే పెట్టుకోండి" అనేవాడికి. అతడు కిరాయి ఎక్కువిస్తానని అనలేదు, బతిమాలలేదు. ఓనర్ పైకి అడగని ప్రశ్నకి జవాబిచ్చాడు, అంతే.

ఇప్పుడు మీరటువైపు వెళ్లండి. ఇంగ్లండంతటా 2016 నుంచి ఇంటి యజమాని కిరాయిదారుకి ఆ దేశంలో ఉండే హక్కుందో లేదో చూసుకునే ఇల్లివ్వాలి, చూడకపోతే జరిమానా పడేది అతనికే. ఆ హక్కుని చూపించే షేర్ కోడ్ ముందే తీసి పెట్టుకుని, చూడ్డానికి వెళ్లిన రోజే ఇవ్వండి. జర్మనీలో కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. అక్కడ ఆన్‌మెల్డుంగ్ అనే ఆ పనికి ఓనర్ సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి. కొందరు గది ఇస్తారు గానీ ఆ సంతకం పెట్టరు. అలాంటి గది ఎంత చవకైనా వద్దు, ఆ నమోదు లేకపోతే బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి రెసిడెన్స్ పర్మిట్ దాకా ప్రతి పనీ అక్కడే ఆగుతుంది. దుబాయ్‌లో అగ్రిమెంటు ఎజారీ అనే, సౌదీలో ఈజార్ అనే ప్రభుత్వ నమోదులో ఎక్కాలి. ఏ దేశమైనా ఇంటి కాగితమే మిగతా కాగితాలకు వేరు.

అమెరికాలో తిప్పలు వేరు. అక్కడ క్రెడిట్ స్కోరు అడుగుతారు. విమానం దిగిన రోజున మీకది ఉండదు, సోషల్ సెక్యూరిటీ నంబరూ ఉండకపోవచ్చు. లేనిదాని బదులు ఏం చూపించగలరో ఇక్కడే సిద్ధం చేసుకోండి: యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20, బ్యాంకు లోన్ మంజూరు పత్రం, ఉద్యోగమైతే జీతం రాసిన ఆఫర్ లెటర్. వీటికి తోడు చాలామందికి తట్టనిది ఒకటుంది. ఇక్కడ మీరు కిరాయింట్లో ఉంటే మీ ఓనర్ చేత, హాస్టల్లో ఉంటే వార్డెన్ చేత, ఇన్నేళ్లున్నారు, నెలనెలా డబ్బు కట్టారు, గొడవల్లేవు అని ఇంగ్లిష్‌లో నాలుగు లైన్ల లెటరు రాయించి సంతకం తీసుకోండి. అక్కడి ఓనర్లు పాత ఇంటివాళ్ల మాట అడగడం మామూలే. ఫలక్‌నుమాలో రాసిన లెటరుకి అక్కడ విలువేముంటుందని అనుకోవద్దు. ఏ కాగితమూ చూపలేని ఇద్దరు, ముగ్గురి మధ్య ఆ లెటరున్నవాడే ఓనర్ కళ్లకి మనిషిలా కనిపిస్తాడు.

కాగితం లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే బాలాపూర్ వైపు వెళ్లి చూడండి. అక్కడి గుడిసెల్లో ఉంటున్న రొహింగ్యాల దగ్గర ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు. 1951 శరణార్థుల ఒప్పందంలో మన దేశం చేరలేదు కనుక ఆ కార్డుకి ఇక్కడి చట్టంలో బలం తక్కువ. మీ వీసా స్టాంపు ఎంత పెద్ద ఆస్తో వాళ్లని చూస్తే అర్థమవుతుంది.

గోడ మీద మరక

పాతబస్తీలో ఎండాకాలంలో ఇల్లు చూడ్డానికి వెళ్తే ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది, సున్నం కొత్తగా మెరుస్తుంటుంది. అసలు సంగతి వానలోనే తెలుస్తుంది. 2020 అక్టోబరు 13న పడ్డ వానకి పల్లె చెరువు గండిపడి అలీనగర్, అల్ జుబైల్ కాలనీ మునిగాయి. ఆ కాలనీలు తేరుకోకముందే గుర్రం చెరువు కట్ట తెగి నీళ్లు హాఫిజ్ బాబా నగర్ మీద పడ్డాయి. ఆ గల్లీల్లో కింది పోర్షన్ తీసుకునేవాడు గోడకి ఎంత ఎత్తున మరకుందో చూడాలి. రంగేసి కప్పేస్తే బీరువా వెనకో మెట్ల కిందో చూడాలి. అన్నిటికన్నా మంచిది, ఓనర్ని కాకుండా ఎదురుగా ఉన్న కిరాణా షాపులో అడగడం. కిరాణా అతనికి మీ కిరాయి మీద ఆశ లేదు కాబట్టి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపిస్తాడు.

ఈ అలవాటు పట్టుకునే విమానమెక్కండి. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను తెచ్చిన వాన న్యూయార్క్ మీద కురిసిన రాత్రి, క్వీన్స్‌లో బేస్‌మెంట్ గదుల్లోకి నీళ్లు దూకి, తలుపు తెరుచుకోక మనుషులు చనిపోయారు. అక్కడున్నవాళ్లలో చాలామంది మీలాగే బయటి దేశాల నుంచి వచ్చి, చవకని ఆ గదుల్లో దిగినవాళ్లే. మన తెలుగు పిల్లలు కూడా కిరాయి తగ్గుతుందని బేస్‌మెంట్లు తీసుకుంటుంటారు. తీసుకోవద్దని చెప్పడం సులువే గానీ డాలర్ లెక్క వేసుకునేవాడికి ఆ మాట ఎక్కదు. తీసుకుంటే రెండు చూడండి. మనిషి దూరి బయటికి రాగలిగే కిటికీ ఉందా? ఆ గది కిరాయికివ్వడానికి ఊరి నిబంధనలు ఒప్పుకుంటాయా? రెండోదానికి ఓనర్ నీళ్లు నమిలితే మొదటిదాన్ని చూడక్కర్లేదు.

నిప్పు సంగతీ చెప్పుకోవాలి. 2025 మే 18 పొద్దున చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో ఒక పాత భవనం అంటుకుని 17 మంది చనిపోయారు, అందులో చిన్నపిల్లలున్నారు. బయటపడడానికి ఉన్నది ఒక్క ఇరుకు దారి. అంతకు ముందేడాది, 2024 జూన్ 12న, కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగు కాలిపోయి యాభై మంది దాకా పోయారు. వాళ్లలో అత్యధికులు మనదేశం వాళ్లే, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. గల్ఫ్‌కి వెళ్లే పాతబస్తీ కుర్రాళ్లకి మొదట దొరికేది బెడ్ స్పేస్, అంటే ఒక గదిలో ఒక మంచం. మంచం ఎక్కడ వేశారన్నదాని కంటే ఆ మంచం నుంచి మెట్లదాకా దారిలో ఏమున్నాయో చూడండి. చెక్క పార్టిషన్లు, గుమ్మంలో సిలిండర్లు, రాత్రిపూట తాళమేసే టెర్రస్ తలుపు కనబడితే ఇంకో చోటు వెతకండి. కంపెనీ ఇచ్చిన చోటైతే మార్చుకునే స్వేచ్ఛ ఉండదు, నిజమే. అప్పుడు కనీసం రెండో దారేదో మొదటి రాత్రే నడిచి చూసుకోండి.

నీళ్లు, కరెంటు విషయం మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే గల్లీలో పెరిగినవాళ్లు, నల్లా ఏ టైముకొస్తుంది, సంపు ఎంత పెద్దది, మోటరు ఎవరు వేస్తారు, సబ్‌మీటరుకి యూనిట్ రేటెంత అని అడగడం మీకు పుట్టుకతో వచ్చింది. అక్కడ ఆ ప్రశ్నల చోట హీటింగ్ ప్రశ్న వస్తుంది. షికాగో చలికాలంలో హీటింగ్ బిల్లు కిరాయిలో కలిసుందా, వేరుగా కట్టాలా అన్నది తెలియకుండా ఏది చవకో చెప్పలేం. జర్మనీలో చూపించే కిరాయి రెండు రకాలు, హీటింగ్, నీళ్లు లేనిది ఒకటి, కలిపినది ఒకటి. మొదటిది చూసి మురిసిపోకండి. అక్కడ చాలా ఇళ్లలో వంటగది అంటే నాలుగు గోడలే, స్టవ్వూ సింకూ కూడా పాత కిరాయిదారు ఊడబీక్కుని పోతాడు!

పదకొండు నెలల కాగితం

హైదరాబాద్‌లో కిరాయి అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో మీ ఇంట్లో ఎవర్నైనా అడిగి చూడండి, "అందరూ అట్లనే రాస్తరు" అంటారు. కారణం 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలని దాని 17వ సెక్షన్ అసలు పాఠం చెప్పింది. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించారు. స్టాంపు కాగితం మీద నోటరీ దగ్గర టైపు చేయించిన ఆ రెండు పేజీలు ఓనర్ చదవడు, కిరాయిదారు చదవడు. పదకొండు నెలలు దాటి పదకొండేళ్లయినా అదే ఇంట్లో ఉండేవాళ్లున్నారు. ఇక్కడ ఇల్లు నడిచేది మాట మీద, కాగితం బీరువాలో ఉంటుంది. అందులో తప్పేం లేదు, మొహల్లాలో మాట తప్పినవాడికి బతుకు కష్టం కాబట్టే ఆ పద్ధతి నిలిచింది.

కానీ చదవకుండా సంతకం పెట్టే ఈ అలవాటు మీతో రాకూడదు. ఇక్కడి నుంచి తీసుకెళ్లే సామానులో అంత ప్రమాదమైంది మరొకటి లేదు. అక్కడ మీ పరువు గురించి తెలిసిన మొహల్లా లేదు కనుక ఓనర్‌కీ మీకూ మధ్య ఉన్నది ఆ కాగితం ఒక్కటే. అమెరికాలో నలుగురు కుర్రాళ్లు కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే, ఒకడు మధ్యలో వదిలేసి పోయినా అతని వాటా మిగతా ముగ్గురూ కట్టాలని అందులో సాధారణంగా రాసే ఉంటుంది. పన్నెండు నెలల లీజు మధ్యలో ఉద్యోగం వేరే రాష్ట్రంలో వస్తే ఏం కట్టాలో, మీ బదులు మరొకర్ని పెట్టొచ్చో లేదో అందులోనే ఉంటుంది. "మావాడు రెండు వారాలుంటాడు" అని నలుగురున్న చోట ఐదోవాణ్ని, ఆరోవాణ్ని పరుపు మీద పడుకోబెట్టడం మనవాళ్లకి సహజం, అది ప్రేమే. లీజులో పేరు లేని మనిషి అక్కడ ఎన్నాళ్లుండొచ్చో కూడా చాలా లీజుల్లో రాసుంటుంది, ఆ లైను దాటితే నోటీసొచ్చేది సంతకం పెట్టినవాడికి. జర్మనీలోనైతే మామూలుగా మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. భాష రాకపోతే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి తీసుకెళ్లి చదివించుకోండి. సంతకానికి ఒక రోజు గడువు అడిగితే ఇవ్వని ఓనర్ దగ్గర ఏడాది ఉండడం కష్టం.

అడ్వాన్సు విషయంలో మనకు తెలిసిన కథ ఇది: రెండు నెలల కిరాయి ముందే ఇస్తాం, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల డబ్బు కోసేస్తారు, కాసేపు గొణుక్కుని ఊరుకుంటాం. అక్కడ ఊరుకోనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి డిపాజిట్ మామూలు ఇళ్లకు ఐదు వారాల కిరాయి మించకూడదు, అది 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన రక్షణ పథకంలో చేరాలి. న్యూయార్క్‌లో 2019 చట్టం ప్రకారం ఒక నెల కిరాయి మించకూడదు, ఖాళీ చేశాక 14 రోజుల్లో లెక్క చెప్పి మిగిలింది తిరిగివ్వాలి. జర్మనీలో మూడు నెలల కిరాయి దాకా అడగొచ్చు గానీ, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీది. కెనడాలోని ఒంటారియోలో పాడైనవాటి కోసం డిపాజిట్ అడగడమే కుదరదు, చివరి నెల కిరాయి మాత్రం ముందు తీసుకోవచ్చు. ఈ అంకెలు మీ ఓనర్‌కి బాగా తెలుసు. మీకు తెలియదని అతను అనుకుంటే నష్టం మీకే.

గోడ రంగు వెలిసిపోవడం, కార్పెట్ అరిగిపోవడం లాంటి మామూలు వాడకం అరుగుదలకి డబ్బు కోయడం చాలా దేశాల్లో చెల్లదు. విరిగిన తలుపు లాంటివాటికి కోస్తారు. మీరు రాకముందే విరిగిందని చూపించే రుజువు మీ దగ్గర ఉండాలి. తాళం చేతికి వచ్చిన గంటలో, సామాను లోపల పెట్టకముందే, ప్రతి గది, కిటికీ, నల్లా, స్టవ్వు, గోడ మరక వీడియో తీసి ఓనర్‌కి మెయిల్ చేయండి. వాట్సాప్ కన్నా మెయిల్ మేలు, తేదీతో పడి ఉంటుంది. ఈ అధ్యాయంలో ఒక్క పనే చేస్తామంటే ఇది చేయండి.

డబ్బు విషయంలో ఇంకో మాట కూడా ఉంది, ఎన్నిసార్లు చెప్పినా ఏటా ఎవరో ఒకరు దెబ్బ తింటూనే ఉంటారు. ఇల్లు చూడకముందు డబ్బు పంపకండి. ఓనర్ వేరే దేశంలో ఉన్నాడు, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్లో వస్తాయి అన్న మెసేజ్ వస్తే అది మోసమే. ఫొటోలు ఎంత బాగుంటే అంత అనుమానించండి. మీరు ఇంకా హైదరాబాద్‌లోనే ఉంటే అక్కడున్న సీనియర్ని ఒక్కసారి వెళ్లి చూడమనండి. అలా చూసేవాళ్లు లేకపోతే మొదటి రెండు మూడు వారాలకు యూనివర్సిటీ హాస్టలో, రోజువారీ గదో తీసుకుని, దిగాకే వెతకండి. ఆ ఖర్చు ఎక్కువలా కనిపిస్తుంది, పోగొట్టుకునే డిపాజిట్‌తో పోలిస్తే తక్కువే.

ఆ ఊరి గడియారం

ఇల్లు దొరికాక ఉండడం నేర్చుకోవాలి. పాతబస్తీకి కొత్తగా వచ్చిన యెమెనీ కుర్రాణ్ని మొదటి నెల తికమక పెట్టేది ఇరుకు గల్లీ కాదు, ఇక్కడి టైము. దుకాణాలు ఆలస్యంగా తెరుచుకుని అర్ధరాత్రి దాకా వెలుగుతుంటాయి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు చుట్టుపక్కల దారులు కిక్కిరుస్తాయి. రంజాన్ నెలలో మదీనా చౌరస్తా వైపు రాత్రే పగలు. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఊరేగింపు, ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలు వస్తే ఆటోలు ఏ దారిన పోతాయో పక్కింటివాళ్లని అడిగి తెలుసుకోవాలి. ఇవి తెలిసిన కిరాయిదారు ఆ రోజుల్లో చిరాకు పడడు, పాలు ముందురోజే తెచ్చిపెట్టుకుంటాడు. పక్కింటావిడ దగ్గరికెళ్లి అడిగిన ఆ చిన్న ప్రశ్నతో ఇరుగుపొరుగు పరిచయం కూడా అయిపోతుంది.

మీరు వెళ్లే ఊరికీ అలాంటి గడియారం ఉంటుంది. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూతపడతాయి, ఆ రోజు గోడకి డ్రిల్లు పెడితే పక్కింటివాడు తలుపు కొడతాడు. రాత్రి పది దాటితే చప్పుడు కూడదు. చెత్త ఏ డబ్బాలో ఏది వేయాలో నేర్చుకోవడానికి వారం పడుతుంది, నేర్చుకోని కిరాయిదారు మీద బిల్డింగంతా కన్నేస్తుంది. అమెరికా ఫ్లాట్లలో పోపు పెట్టగానే స్మోక్ అలారం మోగుతుంది. మనవాళ్లు కొందరు దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి వంట చేసుకుంటారు. గుల్జార్ హౌజ్ గురించి ఇందాకే చెప్పాను కదా, ఆ కవరు తీసేయండి. కిటికీ తెరవండి, ఎగ్జాస్ట్ వేయండి, ఎండుమిర్చి ఒకటి తగ్గించండి.

మనవాళ్ల మధ్యే ఉండాలా, దూరంగా ఉండాలా అన్నది ప్రతివాళ్లూ అడుగుతారు. షికాగోలో డెవాన్ ఎవెన్యూ వైపు హైదరాబాదీలు గుంపుగా ఉంటారు, హలీం దొరుకుతుంది, ఉర్దూ, తెలుగు వినబడతాయి. జెద్దా, రియాద్‌లలోనూ అంతే. కొత్తల్లో అలాంటి చోట దిగడం తెలివైన పనే, జ్వరమొస్తే గంజి కాచిచ్చే మనిషి కావాలి. కానీ అక్కడే ఏళ్లు గడిపి, వీధి చివర పోస్టాఫీసులో మాట్లాడ్డానికి కూడా స్నేహితుణ్ని తోడు తీసుకెళ్లేవాళ్లున్నారు. బార్కస్ పెద్దలు ఇంటి భాష మార్చుకున్నారు, వంట మార్చుకోలేదు. నా మటుకు నాకు అవే సరైన పాళ్లు అనిపిస్తుంది. మొదటి లీజు మనవాళ్లతో, రెండోది ఆ దేశం మనుషులున్న బిల్డింగులో తీసుకోండి. పప్పు, పచ్చడి రెండు చోట్లా వండుకోవచ్చు.

మొదటి వారంలోనే పైనా కిందా ఉన్నవాళ్ల తలుపు తట్టి పేరు చెప్పండి. అతిగా కలుపుగోలుతనం అక్కర్లేదు, అక్కడివాళ్లకి అది ఇబ్బంది. పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, చప్పుడైతే చెప్పండి, ఈ మూడు మాటలు చాలు. తర్వాత ఏదైనా తేడా వస్తే వాళ్లు ఓనర్‌కో పోలీసుకో కాకుండా ముందు మీకు చెబుతారు.

మీరు వెళ్లాక ఇంట్లో మీ గది, బహుశా పై పోర్షనూ, ఖాళీగా ఉంటాయి. ఆ టు-లెట్ బోర్డు చూసి ఏ యెమెన్ విద్యార్థో సోమాలియా విద్యార్థో తలుపు కొడితే ఇవ్వమని మీ నాన్నకి బయల్దేరేముందే చెప్పండి. సి ఫారం ఎలా నింపాలో ఇప్పుడే పోర్టల్ తెరిచి ఆయనకి చూపించండి. అగ్రిమెంటు ఆ పిల్లాడికి చదివి వినిపించమనండి, అడ్వాన్సుకి రసీదు ఇవ్వమనండి, ఖాళీ చేసే రోజు పెయింటింగ్ పేరుతో కోయొద్దనండి.